హాజరుపట్టీలో లేని పిల్ల

కల్పనను పోలీసు జీపు ఎక్కిస్తుంటే మేం ఇరవై ఐదుగురం మూడో అంతస్తు కిటికీల దగ్గర నిలబడి చూశాం. ఒక్కరం కూడా కిందికి దిగలేదు. ఇది రాస్తున్న నేను, చంద్రికను, ఆ ఇరవై ఐదుగురిలో ఒకదాన్ని. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత నా గురించి గొప్పలు చెప్పుకునే వీలుండదు.

కల్పన తలనుంచి పాదాల దాకా తడిసి ఉంది. పొద్దున మా అందరిలాగే ఇస్త్రీ చేసి కట్టుకొచ్చిన లేత నీలం యూనిఫాం చీర ఒంటికి అతుక్కుపోయింది. ఆడ కానిస్టేబులు రెక్క పట్టి గుంజుతుంటే ఒక్కటే మాట అంటోంది.

"మేడం, నీ కాళ్లు మొక్కుత. పొల్ల తల్లి కంపెనీల ఉంది. ఆమెకు నేనే జెప్పాలె. జెప్పినంక నన్ను యాడికన్నా తీస్కపోండ్రి."

చెప్పనివ్వలేదు. జీపు కదిలింది. అదే సమయానికి మా వెనక గదిలోకి, మా ట్రైనింగ్ సంస్థ నడిపే సుబ్రహ్మణ్యం సారు దగ్గర కూర్చున్న తనిఖీ అధికారులకు రెండోసారి టీ వెళ్లింది. పిల్ల చచ్చిపోయి అప్పటికింకా గంట కాలేదు.

మొదటినుంచి చెప్తాను. కార్మికులు చదవండి, విద్యార్థులు చదవండి. చిన్నపిల్లల టీచరు కావాలని ఇవాళ ఎక్కడో ఏ దుకాణం మీది మెట్లో ఎక్కుతున్న అక్కచెల్లెళ్లు తప్పకుండా చదవండి.

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాకు పోయే రోడ్డు మీద, ప్లైవుడ్ దుకాణం పైన మా ట్రైనింగ్ సంస్థ ఉండేది. రెండు గదులు, ఒక హాలు, పెద్ద బోర్డు. నేను మందుల కంపెనీలో తొమ్మిదేళ్లు ప్యాకింగ్ చేసి, నడుం పట్టేసి, ఈ దారి పట్టినదాన్ని. ప్రవీణ మొగుడు పోయి ఇద్దరు ఆడపిల్లలతో ఉన్న మనిషి. మిగతావాళ్లూ మాలాంటివాళ్లే. కల్పన అంగన్‌వాడీ ఆయమ్మ. ఎనిమిదేళ్లుగా మా బస్తీ పిల్లల ముక్కులు తుడిచింది, అన్నం కలిపి పెట్టింది, పాటలు నేర్పింది. పిల్లలు ఆమెను టీచర్ అని పిలిచేవాళ్లు. కాగితం మీద మాత్రం ఆయా. పిల్లల నోట్లో ఉన్న మాట కాగితం మీదికి రావాలని ఆమె కోరిక. అంతకంటే పెద్ద కోరికలేవీ ఆమెకు లేవు.

మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు చదువు చెప్పాలంటే ఇకమీదట లైసెన్సు ఉండాలని, గుర్తింపు ఉన్న సంస్థలో డిప్లొమా చేసినవాళ్లకే ఆ లైసెన్సు ఇస్తామని కొత్త నిబంధనలు వచ్చాయి. గుర్తింపు కావాలంటే సంస్థకు సొంత నర్సరీ ఉండాలి. అది రెండేళ్లుగా నడుస్తూ ఉండాలి. ముప్పై మందికి తగ్గకుండా పిల్లలుండాలి. ట్రైనింగ్ తీసుకునేవాళ్లు ఆ పిల్లల మధ్య, అనుభవమున్న టీచరు కళ్లముందు పని నేర్చుకోవాలి. శుభ్రమైన బాత్రూములు, నల్లాల్లో నీళ్లు ఉండాలి.

వీటిలో ఒక్కటీ తప్పు కాదు. పిల్లల్ని ప్రేమించే మనిషెవరో కూర్చుని రాసినట్టే ఉంటాయి. కానీ మేం రెండేళ్లలో ఒక్క పిల్ల ముఖం చూడకుండా ట్రైనింగ్ అయ్యాం. పిల్లల్ని గమనించి రాయాల్సిన రికార్డులు పై బ్యాచి వాళ్లవి తెచ్చి చూసి రాసుకున్నాం. నా రికార్డులో ఉన్న పిల్లాడికి బొమ్మ బస్సంటే ఇష్టమట. ఆ పిల్లాడు ఎవడో నాకు తెలియదు, నాకు రికార్డు ఇచ్చినామెకూ తెలియదు.

సారు దగ్గర నర్సరీ లేదు. మూడేళ్ల కింద మూతపడ్డ ఒక ప్లేస్కూలు హాజరుపట్టీ ఉంది. అందులో ముప్పై పేర్లు. రెండేళ్లుగా ఆ పేర్లకు రోజూ హాజరు వేయిస్తూ వచ్చాడు. ఇక పేర్లకు సరిపడా పిల్లలు కావాలి.

"అమ్మా, ఒక్కరోజు పని," అన్నాడు సారు తనిఖీకి పది రోజుల ముందు. "తలా ఒక పిల్లనో పిల్లాడినో తీసుకురండి. నలుగురు ఇద్దరేసి తెస్తే లెక్క సరిపోతుంది. యూనిఫాం నేనిస్తాను, మధ్యాహ్నం భోజనం నేనే పెడతాను. గుర్తింపు రాకపోతే మీ రెండేళ్లు మూసీలో కలిసినట్టే. తర్వాత నన్ననుకుని లాభం లేదు."

"తప్పు గాదా సార్?" అని అడిగింది కల్పన.

"ఎవరికి నష్టమమ్మా ఇందులో?" అన్నాడాయన.

మేం ఒప్పుకున్నాం. ఎవరూ మా మెడ మీద కత్తి పెట్టలేదు.

తెచ్చిన పిల్లలకు హాజరుపట్టీలోని పేర్లు నేర్పాలి. అది కల్పన చేసింది. వారం రోజులు సాయంత్రంపూట అంగన్‌వాడీ అరుగు మీద పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి ఆటలా నేర్పింది. "నీ పేరేంది?" అని పాడితే పిల్ల లేచి చప్పట్లు కొట్టి కొత్త పేరు చెప్పాలి. మా రెండేళ్ల చదువులో మేం చూసిన అసలైన పాఠం అదొక్కటే. అబద్ధం నేర్పడానికి పనికొచ్చింది.

అమూల్యకు నాలుగేళ్లు. తల్లి రాణి బట్టల కంపెనీలో కుట్టుపని, తండ్రి బసవరాజు చర్లపల్లి గూడ్స్ షెడ్డులో హమాలీ. కల్పన ఇంటి పక్కిల్లే; తనిఖీకి ఈ పిల్లను తెచ్చేది కల్పనే. హాజరుపట్టీలో అమూల్యకు వచ్చిన పేరు శ్రీనిత. "నేను శ్రీనిత మిస్" అని అందరికంటే ముందు నేర్చుకున్నది అమూల్యే. తర్వాత ఇంట్లో తల్లి అమూల్యా అని పిలిస్తే, "ఇప్పుడు నేను శ్రీనితనే" అని మారాం చేసేదట.

తనిఖీ రోజు పొద్దున ట్యాంకరు వచ్చింది. ఎప్పుడూ చుక్క రాని నల్లాల్లో ఆరోజు నీళ్లు రావాలి గనుక సెల్లారు వెనకాల ఉన్న సంపు నిండా నీళ్లు నింపించారు. ట్యాంకరువాడు పైపు తీసేసి వెళ్లిపోయాడు. సంపు మూత సరిగ్గా పడలేదని, ఎవరో పైన ఒక ప్లైవుడ్ ముక్క కప్పారు.

పైన బాత్రూము కడిగి తాళం వేశారు. అధికారులు చూసేదాకా ఎవరూ వాడకూడదు. పిల్లలకు వస్తే కిందికి, సెల్లారు వెనక్కి పంపమని సారు ఆర్డరు.

హాలు గుమ్మం దగ్గర నేను నిలబడ్డాను. పదకొండు గంటలకు అమూల్య వచ్చి నా కొంగు పట్టి లాగింది. "మిస్, ఒంటేలుకు."

సారు లోపలినుంచి నన్నే చూస్తున్నాడు. కదలొద్దని కళ్లతోనే చెప్పాడు. నా వెనకే తాళం వేసిన బాత్రూము ఉంది. "కిందికి పోయి జల్ది రా బిడ్డా" అన్నాను.

పిల్ల మెట్లు దిగిపోయింది.

కాసేపటికి అధికారులు హాజరు పిలవమన్నారు. కల్పన పిలిచింది. రిషాంక్, ఆద్య, ఒక్కొక్కరే లేచి చప్పట్లు కొట్టి పలికారు. శ్రీనిత అంటే ఎవరూ పలకలేదు. కల్పన నా వైపు చూసింది. నేను మెట్ల వైపు చూశాను. ఆమె పుస్తకం పడేసి పరుగెత్తింది, వెనకాల మేం నలుగురం దిగాం. అధికారుల్లో ఒకాయన బాల్కనీలోకి వచ్చి పైనుంచి చూస్తున్నాడు. అందుకని మేం సెల్లారంతా "శ్రీనితా, శ్రీనితా" అని పిలుస్తూ వెతికాం. సచ్చినా అమూల్యా అని నోరు తెరవలేదు. పిల్ల తప్పిపోతే కూడా పిల్ల పేరు పెట్టి పిలవలేని ఆడవాళ్లం మేం. ఆ పిలుపు వినబడితే పలికి ఉండేదో లేదో, అప్పటికే ఊపిరి పోయిందో, ఎవరికీ తెలియదు. పక్కకు జరిగిన ప్లైవుడ్ ముక్కను చూసింది కల్పనే. చూసిన మరుక్షణం సంపులోకి దూకేసింది.

పిల్లను తీసి గచ్చు మీద పడుకోబెట్టి, ఛాతీ మీద ఒత్తుతూ, అప్పుడరిచింది "అమూల్యా" అని. పోలీసులు వచ్చేలోపు సారు మమ్మల్ని పైకి పిలిచాడు, పిల్ల దగ్గర కల్పన ఒక్కతే మిగిలింది.

మర్నాడు సారు ఇచ్చిన వాంగ్మూలం ఇది: మా నర్సరీ పిల్లలందరూ క్షేమం. శ్రీనిత ఆరోజు సెలవు. అమూల్య అనే పిల్ల మా హాజరుపట్టీలో లేదు. మా ట్రైనీ కల్పన అనుమతి లేకుండా ఎవరి పిల్లనో వెంట తెచ్చుకుని నిర్లక్ష్యంగా వదిలేసింది.

దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అన్నట్టు, దొరికింది కల్పన. సారు మా ఇరవై ఐదుగురినీ పిలిచి అదే మాట టైపు చేసిన కాగితం ముందు పెట్టాడు. "ఆ అమ్మాయిని ఎలాగూ కాపాడలేం. మీరైనా బతకండి. సంతకాలు పెడితే గుర్తింపు వస్తుంది, లైసెన్సు వస్తుంది." పెట్టాం. మూడో సంతకం నాది.

పదకొండో రోజు చంచల్‌గూడ మహిళా జైలులో కల్పనను చూడ్డానికి నేను, ప్రవీణ వెళ్లాం. ఇనుప జాలీ వెనక నిలబడింది. బాగా చిక్కిపోయింది.

"సంతకాలు వెట్టిన్రని వకీలు జెప్పిండు," అంది. "మంచిగ జేసిన్రక్కా. నా ఒక్కదాంతోని పోతది. మీకన్న లైసెన్సు రానియ్యి."

ప్రవీణ ఏడుస్తోంది. కల్పన నా వైపు తిరిగి గొంతు తగ్గించింది.

"పొల్లను కిందికి వంపింది ఎవరని పోలీసోళ్లు మస్తు అడిగిన్రు. నేను జెప్పలే. నువ్వు ఫికర్ వెట్టుకోకు."

ఆమె చూసింది. మొదటినుంచీ ఆమెకు తెలుసు. బస్సు అంబర్‌పేట్ దాటాక, "సంతకం వాపస్ తీస్కుంట," అన్నాను ప్రవీణతో. "నీకేమన్న పిచ్చా," అంది ప్రవీణ.

ఆదివారం మధ్యాహ్నం మా బస్తీ కమ్యూనిటీ హాలులో మీటింగు పెట్టాం. ట్రైనీలందరూ వచ్చారు, పిల్లల్ని పంపిన తల్లులూ వచ్చారు. మూతపడ్డ మిల్లులో ముప్పై ఏళ్లు యూనియన్ నడిపిన రామచంద్రయ్య తాత కుర్చీ వేసుకుని ముందు కూర్చున్నాడు. రాణి గోడకు ఆనుకుని కింద కూర్చుంది. ఆమె వస్తుందని ఎవరం అనుకోలేదు.

"బుధవారం ఉప్పల్ల విచారణ ఉన్నది," అన్నాడు తాత. "ఈ సారుకు గుర్తింపు ఇయ్యాల్నా వద్దా అని సర్కారోళ్లు తేలుస్తరు. ఆడికి పోయి నిజం జెప్తే కల్పన కేసు మారుతది. గానీ మీరు దొంగ పిల్లలను వెట్టిన్రని మీరే ఒప్పుకున్నట్టు. మీ లైసెన్సు పోతది, కేసు గూడ అయితది. ముందుగాల్నే జెప్తున్న."

ప్రవీణ లేచింది. "తాతా, నాకిద్దరు ఆడపిల్లలు. ఈ లైసెన్సు మీద ఆశతోని రెండేండ్లు పస్తులున్న. పోయిన పొల్ల ఎట్లా వాపస్ రాదు. ఉన్న పిల్లల నోట్లె మన్ను గొట్టాల్నా?"

"కల్పనకు పిల్లలు లేరనా ఆమెను జైల్ల వెట్టింది?" అని ఒక తల్లి అరిచింది.

"నీ కొడుకును నువ్వు పంపలేదా? యూనిఫాం వాపస్ ఇచ్చినవా?" అని మా ట్రైనీల్లో ఒకామె ఎదురు తిరిగింది.

హాలు రెండుగా చీలిపోయింది. అందరూ ఒక్కసారే అరుస్తున్నారు. తాత బల్ల మీద కొట్టి, "తిలాపాపం తలా పిడికెడు అంటరు. పిడికెడు పాపం పంచుకునేటందుకు గింత లొల్లా?" అన్నా ఎవరూ వినలేదు.

నేను లేచి రాణి ముందుకు పోయి కూర్చున్నాను. "రాణీ, బిడ్డను కిందికి వంపింది కల్పన గాదు. నేను. నా వెనకాల్నే బాత్రూము ఉండె. తాళం దియ్యమని అడగనీకె భయపడ్డ. నేనే కిందికి వొమ్మన్న."

లొల్లి ఆగిపోయింది. రాణి నా ముఖంలోకి చూసింది. కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. ఆమె చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

"నిన్ను మాఫ్ జెయ్య," అంది. "సచ్చేదాంక జెయ్య. మా ఇంటి దిక్కు రాకు. గానీ బుధవారం నేనొస్త. ఠాణాల అడిగితే నీ బిడ్డ ఆడ సదువుకుంటలేదు గదా, ఊకె ఎట్ల పోయింది అన్నడు ఎస్సై. నా బిడ్డ ఊకె పోలే. నేను జడలేసి, పౌడరేసి పంపిన. ఆ సారు బోర్డు నిలవెట్టనీకె పోయింది నా బిడ్డ. గది రాయాలె. కాయిదం మీద రాయాలె."

ప్రవీణ కొంగు నోట్లో కుక్కుకుని బయటికి వెళ్లిపోయింది. మిగతావాళ్లం ఏం చేయాలో ఆరోజే నిర్ణయించుకున్నాం. రిజిస్టర్లో పేర్లు పక్కన పెట్టి, ఎవరెవరు ఏ పిల్లను తెచ్చారో ఒక నోటుబుక్కులో రాసుకున్నాం. అంతకుముందు ఆ పిల్లల అసలు పేర్లన్నీ మాలో ఎవరికీ తెలియవని అప్పుడే తెలిసొచ్చింది.

బుధవారం ఉప్పల్‌లో సర్కారు భవనం రెండో అంతస్తులో విచారణ. బల్ల వెనక అధికారిణి, ఆమె పక్కన ఇద్దరు గుమాస్తాలు. ఈ వైపు సుబ్రహ్మణ్యం సారు, ఆయన వకీలు, ఆయన ఫైళ్లు. మేం ఇరవై నలుగురం వెళ్లాం. మా వెనకాల తల్లులు, తల్లుల చంకల్లో, చేతుల్లో ఇరవై తొమ్మిది మంది పిల్లలు. బంట్రోతు అడ్డం వచ్చాడు గానీ పిల్లలు వాడి కాళ్ల సందుల్లోంచి లోపలికి వెళ్లిపోయారు.

"మేడం, మా సంతకాలు వాపస్ తీస్కుంటున్నం," అన్నాను. "ఆ సంస్థకు నర్సరీ లేదు. తనిఖీ రోజు ఉన్న పిల్లలందరిని మేమే తెచ్చినం. అమూల్యను కిందికి వంపింది నేను."

సారు కుర్చీలోంచి లేచాడు. "వీళ్లను ఎవరో రెచ్చగొట్టారు మేడం. నా హాజరుపట్టీ మీ ముందే ఉంది," అన్నాడు.

అధికారిణి కళ్లజోడు తీసింది. "మీరేం ఒప్పుకుంటున్నారో మీకు తెలుస్తోందా? మీరెవరూ జన్మలో టీచర్లు కాలేరు. పైగా ఈ కమిటీ పని గుర్తింపు సంగతి చూడ్డం వరకే. పిల్ల చావు పోలీసుల పరిధి. బయటికి వెళ్లండి."

"గుర్తింపు కోసమే సచ్చింది మేడం," అన్నారు వెనకనుంచి. తిరిగి చూస్తే ప్రవీణ. ఇద్దరు ఆడపిల్లల్ని చెరో చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "నల్లాలల్ల నీళ్లు ఉండాలంటిరి. సంపు నింపిన్రు. బాత్రూము నీటుగ ఉండాలంటిరి. తాళమేసిన్రు. ముప్పై మంది ఉండాలంటిరి. మా పిల్లలను నింపిన్రు. మీరొచ్చి అన్నీ ఉన్నయని టిక్కు వెట్టుకున్నరు. మా పిల్లలను ఒక్కలనన్నా మీ అమ్మ పేరేందని అడిగిన్రా? నా పేరు గూడ రాయున్రి. నేనొక పిల్లగాన్ని తెచ్చిన."

"పోలీసులకు ఫోన్ చెయ్యండి," అంది అధికారిణి గుమాస్తాతో.

మేం గచ్చు మీద కూర్చున్నాం. ఇరవై ఐదుగురం, తల్లులు, పిల్లలు. నేను నోటుబుక్కు తీశాను. ఎవరి పిల్లను వాళ్లే నిలబెట్టారు. నేను పేర్లు పిలిచాను, తల్లులు పెట్టిన పేర్లు. సాయి ప్రియ. రంజిత్. పిల్లలకది పాత ఆటే అనిపించిందేమో, లేచి చప్పట్లు కొట్టి పలికారు. ఒకడు అలవాటుకొద్దీ రిషాంక్ అన్నాడు. వాళ్లమ్మ వాడి తల నిమిరి, "గాదు నానా, నువ్వు రాజువు," అంది. వాడు మళ్లీ లేచి సరిగ్గా చెప్పాడు. ఇరవై తొమ్మిది పేర్లు అయ్యాయి. గుమాస్తాలు ఫోను మాట్లాడ్డం ఆపేసి చూస్తున్నారు.

"అమూల్య," అన్నాను.

పిల్లలు అటూ ఇటూ చూశారు. రాణి లేచి బల్ల దగ్గరికి నడిచింది.

"లేదు మేడం," అంది. "రాస్కోండ్రి."

అధికారిణి పెన్ను చేతిలో పట్టుకుని అట్లాగే కూర్చుంది. రాయలేదు. మేం లేవలేదు.

పోలీసులు వచ్చి మమ్మల్ని లేపడానికి గంటకు పైగా పట్టింది. చేతులు పట్టి ఈడ్చారు, ప్రవీణ రవిక చిరిగింది, పిల్లలు గుక్కపెట్టి ఏడ్చారు. పిల్లల్ని తల్లులకు వదిలి, మా ఇరవై ఐదుగురినీ, రాణినీ కింద నిలిపిన డీసీఎం వ్యానులో ఎక్కించారు. సారు కారు మా పక్కనుంచే వెళ్లిపోయింది. కల్పన ఇంకా జైల్లోనే ఉంది. మేం గెలిచామని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

డీసీఎం కదలబోతుంటే రోడ్డు మీది జనంలోంచి ఒకామె పరుగెత్తుకొచ్చింది. ఎవరో మాకు తెలియదు. కాప్రానుంచి ఆఫీసులో ఏదో పని మీద వచ్చిందట. చంకలో మూడేళ్ల పిల్లాడున్నాడు. కమ్మీ పట్టుకుని ఆయాసపడుతూ అడిగింది.

"అక్కా, మా దిక్కు ఇంకొక ట్రైనింగోళ్లు పోయిన నెల గిట్లనే తీస్కపోయిన్రు మా పోరన్ని. వీనికి వేరే పేరు నేర్పిన్రు. యాడ జెప్పాలె?"

కానిస్టేబులు ఆమెను నెట్టాడు. ఆమె కమ్మీ వదల్లేదు. రాణి మా అందరినీ ఒకసారి చూసింది. బెంచీ మీద పక్కకు జరిగింది.

"ఎక్కు," అంది. "పొల్లగాన్ని నాకియ్యి."